లే అన్న మాట

బోటాటౌంగ్, రంగూన్
5 ఫిబ్రవరి 2025, బుధవారం

ఇన్సేన్‌లో తలుపేసుకుని కూర్చున్న మహారాజశ్రీ రిఫరీ సూరన్న బావ గారి పాదాలకు, మైదానం గోడ పక్కన గారెలు వేసుకుని బతికే మరదలు సూర్యావతి వంగి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేను, నా మూకుడు, నా నోరు ముగ్గురం క్షేమం. నీ క్షేమం సంగతి తిన్ తిన్ అక్క చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

ఫోను చేస్తే ఎత్తవు. సరే, కోవెల బడిలో నాలుగో తరగతి దాకా నేర్చిన అక్షరాలు ఉండనే ఉన్నాయి కదా అని కూర్చున్నాను. ఒత్తులు తప్పితే దిద్దుకో, నువ్వు ఐదు దాకా వెలగబెట్టావు. అక్కకి తెలుగు చదవడం రాదు కాబట్టి, నన్ను కాదని ఆవిడని కట్టుకున్నందుకు నాలుగు తిట్లు కూడా హాయిగా రాసుకోవచ్చు. తిట్లు తర్వాత. ముందు పని సంగతి.

మొన్న ఆదివారం నుంచీ నువ్వు కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోతున్నావట. ఇక జన్మలో మైదానం తొక్కనన్నావట. పైగా విజిలు తీసి, కమిటీ వాళ్లకిచ్చేయమని నీలకంఠం చేతికిచ్చి పంపావు. నీలకంఠం సంగతి నీకు తెలీదూ? దారిలో నా గారెల వాసన తగిలింది, విజిలు నా పీట మీద మరిచిపోయి వెళ్లాడు. నేను ఊరుకుంటానా? మర్నాడు పొద్దున్న సందులో నిలబడి గట్టిగా ఒక్క ఊదు ఊదాను. సైకిలు రిక్షా ఆగిపోయింది, కూరల బండి ఆగిపోయింది, పక్కింటి బేబీ మొగుడు నోట్లో బ్రష్షుతోనే రెండు చేతులూ పైకెత్తేశాడు. దాన్ని చూసి ఊరు అంత భయపడుతోంది, నువ్వు ఊరిని చూసి భయపడుతున్నావు. ఇదెక్కడి న్యాయం బావా?

ఆ రోజు జరిగింది నీకు మళ్లీ చెప్పనక్కర్లేదు. అయినా చెప్తాను, లేకపోతే నా కడుపు ఉబ్బుతుంది. కాలేజీల ఫైనలు. పసుపు చొక్కాలకీ నీలం చొక్కాలకీ చెరో గోలు. ఆట అయిపోవస్తోంది. మన లింగరాజు కొడుకు హరి పసుపు చొక్కాలో బంతి తీసుకుని పరిగెత్తి, పెనాల్టీ గీతకి జానెడు ఇవతల బొక్కబోర్లా పడ్డాడు. వాణ్ని ఎవరూ ముట్టుకోలేదు. నువ్వు దగ్గరికి పరిగెత్తి, తత్తరపాటులో అమ్మ నేర్పిన మాటే నోటికొచ్చి, "లే! లే!" అన్నావు. ఫౌలూ లేదు గీలూ లేదు, నాటకాలాడక లెమ్మని.

మనకి లే అంటే లెమ్మని. వీళ్ల బర్మీస్‌లో లె అంటే పడిపోవడం. రిఫరీయే స్వయంగా "పడ్డాడు, పడ్డాడు" అంటున్నాడంటే ఫౌలు ఇచ్చేసినట్టేనని నీలం చొక్కాలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. వాళ్ల గోలీ కో కో గోలు వదిలేసి నీతో పోట్లాటకి వచ్చాడు. ఈలోగా హరి లేచాడు, కొట్టాడు, బంతి వలలో పడింది. నువ్వు విజిలు ఊదలేదు. ఊదందే ఆట ఆగదు కాబట్టి గోలు ఇచ్చావు. కప్పు పసుపు చొక్కాలకి పోయింది.

ఆ వెంటనే మొదలైంది గోల. రిఫరీ సూరన్న తన భాషలో తన కుర్రాడికి చెప్పి లేపాడు, మనోడని గెలిపించాడు అని. నువ్వు తల దించుకుని, నా మూకుడు వైపు కూడా చూడకుండా గేటు దాటేశావు. అది మాత్రం క్షమించను. గారెలు చల్లారిపోయాయి.

సోమవారం కో కో నా దగ్గరికి వచ్చాడు. ఆంటీ, మీ భాషలో ఆ మాటకి అర్థం ఏటి అని అడిగాడు. చెప్పాను. చేతిలో గారె పీట మీద పెట్టేశాడు. అయితే నేనెందుకు గోలు వదిలొచ్చాను అన్నాడు. ఏమో నాయనా, మీ అమ్మ అలా కన్నాది అన్నాను. నవ్వాడు గానీ, పోతూ పోతూ ఒక మాట విసిరాడు: మాకు అర్థం కానిది హరికి అర్థమయింది కదా, అది అన్యాయం కాదేటి అని. వెనక్కి పిలిచి ఇంకో గారె చేతిలో పెట్టాను. నిన్ను తింటున్నది ఆ ముక్కే.

నేను చదువుకున్నదాన్ని కాదు, కానీ ఆ గోడ పక్కన కూర్చుని బోలెడు ఆటలు చూశాను. వానల్లో జరిగిన ఆ ఫైనలు గుర్తుందా? కొట్టిన బంతి గీత మీద నీళ్లగుంటలో చతికిలబడిపోయింది. ఏడాదంతా పరిగెత్తిన కాళ్లు ఒక గుంట చేతిలో ఓడిపోయాయి. ఆ గుంటని ఎవడూ పక్షపాతి అనలేదు. నిరుడు ఎండ కళ్లలో పడి గోలీ బంతిని వదిలేశాడు. ఎవడూ సూర్యుడి మీద కమిటీకి అర్జీ పెట్టలేదు. నీ నోట్లోంచి జారిన ఒక్క మాట మాత్రం కుట్ర అయిపోయింది. గుంటకి నోరు లేదు, నీకుంది, అదీ తేడా. కాకపోతే నీ నోరు ఎప్పుడూ నా మీదే లేచేది, మొదటిసారి మైదానంలో లేచింది.

ఈ ఆదివారం ఆ రెండు కాలేజీలూ కప్పు లేకుండా ఊరికే మళ్లీ ఆడుకుంటాయట. రిఫరీ ఎవరని అడిగితే కమిటీ ఇంకా నీ పేరే చెబుతోంది. నువ్వు విజిలు తిప్పి పంపావని వాళ్లకి తెలీదు, నా దగ్గరే ఉంది కదా. నువ్వు రాకపోతే, పారిపోయాడు కాబట్టి తప్పు చేసినట్టేనని ఊరు ఖాయం చేసేస్తుంది. ఆ తర్వాత ఎన్నేళ్లు ఇంట్లో కూర్చున్నా ఆ మాట చెరగదు.

విజిలు ఈ కవరులోనే పెడుతున్నాను. నేను ఊదాను కాబట్టి కడుక్కుని ఊదు.

నీకు తప్పిపోయిన అదృష్టం,
సూర్యావతి

తా.క.: అసలు సంగతి కావాలనే చివర పెట్టాను, ఉత్తరం మొత్తం చదివిస్తే గాని నాకు తృప్తి ఉండదు. నిన్న హరి గారెలు తినడానికి వచ్చాడు. వాణ్ని కాస్త ఏడిపిద్దామని, మొహం నిండా నవ్వు పెట్టుకుని, ఒరే హరీ, నీ గారెలో బల్లి పడిపోనాది సూసుకోరా అన్నాను. వాడు బుద్ధిగా తలాడించి, నమిలి మింగి, ఇంకోటి పెట్టమని చెయ్యి చాపాడు.

గరిటె పక్కన పెట్టేశాను బావా. బర్మీస్‌లో అడిగాను: నీకు తెలుగు రాదేటి? సిగ్గుపడ్డాడు. నాయనమ్మ పోయాక ఇంట్లో ఎవరూ మాట్లాడరట, పేరు తప్ప ఏమీ మిగల్లేదట. మరి ఆ రోజు ఎలా లేచావు అన్నాను. రిఫరీ నేను పడ్డానన్నాడు, ఫ్రీ కిక్ నాదే అనుకున్నాను, బంతిని చేత్తో సర్దుకోబోయాను, గోలీ అక్కడ లేకపోయేసరికి తొందరగా కొట్టేశాను అన్నాడు. వాడూ వీళ్లలాగే విన్నాడు! అందరూ ఒకే తప్పు విన్నారు, ఒకడు మాత్రం ఆగలేదు. అంతే జరిగింది. కో కోని పిలిచి హరి నోటితోనే చెప్పించాను. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు.

నీ మాట తెలుగులో విన్నది ఆ మైదానం మొత్తానికి నేనొక్కదాన్నే. నువ్వు గట్టిగా లే అనేసరికి, గోడ పక్కన, గరిటె పట్టుకుని పీట మీంచి ఉలిక్కిపడి లేచి నిలబడ్డాను. నువ్వు చూడలేదు.

ఇప్పుడు నేనంటున్నాను, నీకొక్కడికే అర్థమయ్యే భాషలో. లే, బావా.