నీలి గ్రంథిని టీవీలో నేర్చుకున్న సర్జన్ గారి గురించి

ఆసుపత్రి సూపరింటెండెంట్ గారి సముఖమునకు, ఇరవై రెండేళ్ళుగా ఆపరేషన్ థియేటర్‌లో పనిచేయుచున్న ఆయమ్మ వ్రాసుకొను అర్జీ.

విషయం: గురువారం నా చెల్లెలికి జరుగు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో, చంకలోని గ్రంథి తీయునప్పుడు ఆ పని వచ్చినవారిని పక్కన నిలబెట్టుట గురించి.

అయ్యా,

1. రొమ్ములో నీలి మందు ఎక్కిస్తే అది ముందుగా చంకలో ఒకటి రెండు గ్రంథులకు చేరి వాటిని నీలంగా మారుస్తుంది; జబ్బు పాకినా ముందు చేరేది వాటికే. వాటిని తీసి పరీక్షిస్తారు. జబ్బు లేకపోతే మిగతావి ముట్టుకోరు, అన్నీ తీసేస్తే వాచినట్టు చెయ్యి వాయదు. మంచి పద్ధతే. పొరపాటున వేరే గ్రంథి తీస్తే మాత్రం జబ్బు చంకలోనే ఉంటుంది, కాగితం మీద నయమైపోతుంది.

2. ఈ విద్య నేర్పుటకు పోయిన నెలలో పెద్దాసుపత్రి నుండి డాక్టరమ్మగారు వచ్చారు. ఆమె లోపల ఆపరేషన్ చేయుచుండగా మన సర్జన్లు పదకొండు మంది పక్క గదిలో టీవీలో చూచుచుండిరి. సరిగ్గా గ్రంథి దొరికే వేళకు వరండాలోకి టీ వచ్చింది. నీలి గ్రంథి తెర మీద కనబడినప్పుడు ఆ గదిలో ఉన్నది నేనూ, నా చీపురూ. సాయంత్రం పదకొండు మందికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. చూసిన నాకు ఇవ్వలేదు.

3. వెళ్తూ డాక్టరమ్మగారు అన్న మాట: "చూస్తే రాదు బాబూ. నా పక్కన నిలబడి ఇరవై చెయ్యండి. ప్రతిసారీ పరీక్ష రిపోర్టుతో సరిచూసుకోండి. ఆ తర్వాతే ఒంటరిగా." అందరూ తలలూపారు. ఒక్కరూ వెళ్ళలేదు.

4. చెల్లెలికి ఆపరేషన్ చేయబోవు సర్జన్ గారిని నేనే అడిగాను.

"బాబూ, ఇప్పటికి ఎన్ని చేశారు?"

"మీ చెల్లితోనే మొదలెడుతున్నా. అదృష్టవంతురాలు!"

"డాక్టరమ్మగారిని పిలిపించరాదూ?"

"నీకెందుకమ్మా ఈ గొడవ? గోడ మీద సర్టిఫికెట్ కనబడలేదా?"

"రోజూ కనబడుతోంది బాబూ. దాని దుమ్ము దులిపేది నేనేగా."

5. నేను దేవుణ్ణి నమ్ముకున్నదానిని. ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరుగను. కానీ గట్టున కూర్చుని ఈత నేర్చినవారు నా చెల్లెలి చంకలో దూకుతామంటే, భారం దేవుడి మీద వేసి ఊరుకోలేను. అది బట్టలు కుట్టి బతుకుతుంది. జబ్బు కుడి వైపున.

కావున డాక్టరమ్మగారిని రప్పించి, వారి కళ్ళ ముందర మన సర్జన్ గారిచే చేయించుటకు బుధవారం లోపల ఉత్తర్వు ఇవ్వగలందులకు ప్రార్థించుచున్నాను.

తమ విధేయురాలు,
థియేటర్ ఆయమ్మ

తా.క.: గురువారం రోగులను లోపలికి తోసుకెళ్ళే బండి డ్యూటీ నాదే. డాక్టరమ్మగారు చేతులు కడుక్కుని నిలబడ్డారని నా కళ్ళతో చూసేదాకా చెల్లెలి బండి గుమ్మం దాటదు. నాకివ్వవలసిన మెమో ముందే టైపు చేయించి పెట్టుకోండి.