ఒప్పుకోని పాపం

1940 అక్టోబరు, ఆదివారం సాయంత్రం

ప్రేమగల పెర్సక్కకు,

ఇక్కడ అందరం కులాసా అని మొదలుపెట్టి, మా సంఘంలో అబద్ధం ఆడకూడదు గనక ఆ వాక్యం కొట్టేశాను. పైన కనబడుతున్న మరక అదే.

ఈ పొద్దున ఆడిన అబద్ధం ఒకటి నీకు చెప్పాలి. ఇంకెవరికీ చెప్పే ధైర్యం లేదు. నువ్వు మా నజరేనుల సంఘంలో చేరకుండా పాత గుడికే వెళ్తున్నావు గనక నన్ను సంఘం ముందు నిలబెట్టలేవు. చిన్నప్పుడైతే చెవి మెలిపెట్టేదానివి, ఇప్పుడు మన మధ్య నది ఉంది.

నీ మేనల్లుడు ఆర్కా బాప్తిస్మం అడిగాడు. మా పద్ధతి నీకు తెలుసుగా, పసిపిల్లల్ని ముంచం. పెద్దయ్యాక తనంతట తానే అడగాలి. చేసిన తప్పులన్నీ అందరి ముందూ చెప్పాలి, ఎవరికి చేశాడో వాళ్లింటికెళ్లి సరిదిద్దుకోవాలి. మనవాడు పోయిన నెల పక్కింటి ముసలమ్మకి పుచ్చకాయ మోసుకెళ్లాడు. తొమ్మిదో ఏట ఆవిడ తోటలో దొంగిలించాడట. ఆవిడ ఊరుకుంటుందా? "పన్నెండేళ్లకి గుర్తొచ్చిందట్రా? అప్పుడే ఇంకో నాలుగు ఎత్తుకుపోయి ఉంటే ఈ ఏడు నాకు తోట వేసే పని తప్పేది కదరా!" అందట.

ఇదంతా అయ్యాక సంఘమంతా ఒక్క మాటగా సరే అనాలి. ఒక్కరు కాదన్నా బాప్తిస్మం ఆగిపోతుంది. ఈ పొద్దున మా సంఘపెద్ద వితోమిర్ "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగాడు. ఏటా అడిగే మాటే. ఏటా అందరం నేల చూస్తాం. నేను లేచాను. కాళ్లు వాటంతట అవే లేచాయని రాస్తే అది రెండో అబద్ధం. వారం నుంచి అనుకుంటూనే ఉన్నాను.

"ఈ అబ్బాయిలో ఒప్పుకోని పాపం ఒకటుంది" అన్నాను.

"ఏమిటది సహోదరా?"

"వాడే చెప్పాలి."

అంతే, ఆగిపోయింది.

ఎందుకో నువ్వు ఈపాటికి ఊహించే ఉంటావు. ఒక పక్క జర్మన్లు, ఇంకో పక్క ఇటలీవాళ్లు. వచ్చే నెల వాడి ఈడువాళ్లందరికీ సైన్యం నుంచి పిలుపు. నీళ్లలో మునిగినవాడు తుపాకీ ముట్టడు, ముట్టనివాడికి పదేళ్లు జైలు. పోయిన యుద్ధంలో నేను కూర్చొచ్చిన జైలే. నా కుడికాలికి మూడే వేళ్లు ఎందుకున్నాయో నీకు తెలుసు. మా ఊరినుంచి ఏడుగురం వెళ్లాం, నేనూ వితోమిరూ మాత్రమే తిరిగొచ్చాం. బాప్తిస్మం లేనివాడికి ఈ బంధం లేదు. అందరిలాగే తుపాకీ తీసుకుంటాడు, అదృష్టం బాగుంటే గుర్రాలకి దాణా వేసే పనిలో పడతాడు. బతుకుతాడు. నాకు అంతే కావాలి.

మధ్యాహ్నం పాకలో కూర్చుని ఉంటే వచ్చాడు.

"నాన్నా, ఏది మర్చిపోయానంటావు?"

"వెతుక్కో."

"ఒకసారి కుక్కని తన్నాను. అదా?"

"కాదు."

"అమ్మ చేసిన రొట్టె బాలేదని మనసులో అనుకున్నాను."

"అది పాపం కాదురా, నిజం."

నవ్వలేదు. "వెతుకుతాను నాన్నా" అని వెళ్లిపోయాడు.

ఇది చదివి పొయ్యిలో పెట్టెయ్. ప్రభువు సమాధానం నీకు తోడుండాలి.

నీ తమ్ముడు
గావ్రా


1941 ఫిబ్రవరి

ప్రేమగల పెర్సక్కకు,

"కొడుకు కోసం ఆడిన అబద్ధాన్ని దేవుడు చూసీ చూడనట్టు పోతాడులే" అని రాశావు. దేవుడి సంగతి తెలీదు గాని, సైన్యం చూసింది.

ఆర్కా తుపాకీ పట్టుకోలేదు. బాప్తిస్మం లేకుండానే. నీళ్లలో ముంచితేనే వాడు మావాడవుతాడని అనుకున్నానక్కా. నా ఇంట్లో ఇరవై ఒక్క ఏళ్లు నా ప్రార్థనలు వింటూ కూర్చున్నాడన్న సంగతి తట్టలేదు.

అదే రోజు పక్క ఊరి నజరేను కుర్రాళ్లిద్దరు కూడా తుపాకీ కాదన్నారు. "మీరు నజరేనులా?" అని అడిగితే అవునన్నారు, చెరో పదేళ్లు రాసి పంపించేశారు. తర్వాత మనవాడి వంతు.

"నువ్వూ నజరేనువేనా?"

"కాదండి. నాకింకా బాప్తిస్మం ఇవ్వలేదు."

"ఎందుకివ్వలేదు?"

"నాలో ఒప్పుకోని పాపం ఉందండి. ఏమిటో ఇంకా దొరకలేదు."

గది గదంతా నవ్విందట. అవునండి అని ఒక్క మాట అంటే సరిపోయేది, వీడికి అబద్ధం రాదు. నేర్పకుండా పెంచినవాణ్ని నేనే. నజరేనుకి పదేళ్లు. నజరేను కానివాడు యుద్ధం ముంగిట తుపాకీ వద్దంటే దాన్ని తిరుగుబాటు అంటారట. తిరుగుబాటుకి జైలు లేదు. గోడకి నిలబెట్టి కాల్చేస్తారు.

పోయిన ఆదివారం సంఘంలో లేచి అంతా ఒప్పేసుకున్నాను. ఏడ్చారు, క్షమించారు. ఆడవాళ్ల బల్ల మీంచి వాడి తల్లి యులా నా వంక ఒకసారి చూసింది. ఆ పూట నుంచి కంచం పెడుతుంది, మాట్లాడదు.

ఆ సాయంత్రమే వితోమిర్ ఇంటికెళ్లాను.

"అన్నా, అక్టోబరులోనే వాడికి బాప్తిస్మం ఇచ్చామని కాగితం రాసివ్వు."

"ఇవ్వలేదు కదా గావ్రా."

"నేను లేవకపోతే ఇచ్చేవాళ్లమే."

"అది రాసిస్తాను. నువ్వు లేచావనీ, అబద్ధమాడావనీ."

"దాంతో వాళ్లు చుట్ట వెలిగించుకుంటారు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వొక అబద్ధమాడితే ఇంత వచ్చింది. రెండోది నా చేత ఆడించి ఇంకెంత తెద్దామని?"

నాకు కోపం రాలేదు. ఆయన చోట నేనున్నా అదే అందును. అందుకే ఇంకా బాధ. వచ్చే నెల విచారణ. నేనే వెళ్లి సాక్ష్యం చెప్తాను. ప్రభువు సమాధానం నీకు తోడుండాలి. నువ్వు వెళ్లే గుడిలో వాడికోసం కొవ్వొత్తి వెలిగించు. మావాళ్లు ఒప్పుకోరు, అయినా వెలిగించు.

నీ తమ్ముడు
గావ్రా


1941 మార్చి, ఆదివారం

పెర్సక్కా,

నిన్న విచారణ జరిగింది. పెద్ద అధికారి చెడ్డవాడేం కాదు, జలుబుతో ఉన్నాడు, మాటిమాటికీ ముక్కు తుడుచుకున్నాడు.

"వాడు మావాడేనండి. బాప్తిస్మం ఆపించింది నేను. వాడిలో ఏ పాపమూ లేదు."

"ఒట్టేసి చెప్పు. ఒట్టు లేని సాక్ష్యం మేం రాసుకోం."

అక్కా, మాలో ఒట్టు వెయ్యడమూ తుపాకీ పట్టడమూ ఒకటే. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ వెయ్యలేదు. నన్ను జైలుకి తోసినప్పుడూ వెయ్యలేదు. ఆర్కాకి అర్థమైపోయింది. "నాన్నా, వద్దు!" అని అరిచాడు. నేను గ్రంథం మీద చెయ్యి పెట్టి, వాళ్లు చెప్పమన్నట్టే దేవుడి మీద ఒట్టేసి, జరిగిందంతా చెప్పాను.

అధికారి ఏమీ రాసుకోలేదు.

"నజరేనులు ఒట్టెయ్యరు కదా ముసలాయనా?"

"వెయ్యరండి."

"నువ్వు వేశావుగా."

"వేశానండి."

"మరి నువ్వు నజరేనువి కాదు. కానివాడివి, ఇంకొకడు నజరేను అని నువ్వెలా చెప్తావు?"

"ఇందాకటిదాకా అయ్యే ఉన్నానండి."

అందరూ నవ్వారు. జలుబాయన కూడా నవ్వాడు. నా జన్మలో విసిరిన ఛలోక్తుల్లో అంత బాగా పేలింది ఇంకోటి లేదు. ఆ నవ్వు ఆగాక శిక్ష చదివాడు. కాల్చివేత, వచ్చే శుక్రవారం పొద్దున. ఈలోగా తుపాకీ పట్టుకుంటానంటే శిక్ష కొట్టేస్తామన్నాడు.

వసారాలో రెండు నిమిషాలు మాట్లాడనిచ్చారు. వాడు ముందు అడిగింది ఇదీ: "అయితే నేనేదీ మర్చిపోలేదా నాన్నా?"

"లేదురా. ఏమీ లేదు."

"ఐదు నెలలు వెతికాను." తల మీది మూట దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు. నన్ను తిట్టొచ్చు కదక్కా. తిట్టలేదు.

నేను వాడి చేతులు పట్టుకుని బతిమాలాను. "ఇప్పుడైనా పట్టుకోరా. బాప్తిస్మం లేనివాడివి, నిన్నెవరు అడుగుతారు?"

"పట్టుకుంటే ఎవర్నో కాల్చాలిగా నాన్నా" అన్నాడు. అని, "కాలు నొప్పెడుతుందేమో, ఆ బల్ల మీద కూర్చో" అన్నాడు.

ఈ పొద్దున ఊరు చేరి, ఇంటికి పోకుండా నేరుగా సంఘానికే వెళ్లి ఒట్టు సంగతి చెప్పాను. శిక్ష సంగతి చెప్పలేదు, నోరు రాలేదు. ఒట్టేసినవాణ్ని సంఘం ఉంచుకోదు. వెలివేత మాటలు సగం చదివి వితోమిర్ కాగితం దించేశాడు. మిగతా సగం నేనే చదివి ఆయన్ని కూర్చోబెట్టాను.

ఇంటికి నడుస్తూ ఒకటి అనుకున్నాను. నేనిప్పుడు ఎవరివాణ్నీ కాను, ఇక అబద్ధానికి అడ్డేముంది? యులాకి పదేళ్లని చెప్దాం. శుక్రవారం గడుస్తుంది, ఆదివారం గడుస్తుంది, ఆవిడ వాడికోసం మేజోళ్లు అల్లుకుంటూ ఉంటుంది. తర్వాతి సంగతి తర్వాత.

నువ్వు వెంటనే బయల్దేరి రా. నాకోసం కాదు. ఆవిడ పక్కన ఒక ఆడమనిషి ఉండాలి.

యులా ఈ పూట సంఘానికి రాలేదు, గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇన్నాళ్లకి నాతో నోరు విప్పింది.

"ఎన్నేళ్లు?" అంది.

పది అంటే చాలు. దారంతా చదువుకుంటూ వచ్చిన మాటే. ఆవిడ మొహం చూశాను.

"శుక్రవారం" అన్నాను.

తమ్ముడు
గావ్రా