వెదురు పళ్లెం కింది మిషిను విషయమై

అమీర్‌పేట,
నవంబరు 2019.

అసిస్టెంట్ పోలీసు కమిషనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గుడిలో స్వామి పాదాల చెంత పెట్టించిన బ్యాంకు కార్డుల నుంచి, చేయి తగలకుండానే సొమ్ము లాగిన కృష్ణమోహన్ అను వ్యక్తితో రాజీకి అనుమతించరాదని మనవి.

ముందుగా ఒక మామూలు శనివారం ఉదయం గురించి విన్నవించుకుంటాను. దీపం పెట్టి, డికాషన్ దింపి, మా తమ్ముడు రవికాంత్ భార్య హైందవికి టిఫిను డబ్బా కట్టాను. ఆమె మెడలో ఆఫీసు ట్యాగు వేసుకుంది. కోచింగు సెంటర్ల కరపత్రాలు పంచేవాళ్లను తప్పించుకుంటూ ఇద్దరం మా సందు చివరి ఆంజనేయస్వామి గుడికి వెళ్లాము. ఆమె పర్సులో తమ్ముడి కొత్త కార్డు ఉంది. తాళాలైనా, పర్సైనా శనివారం స్వామి పాదాల దగ్గర పెట్టించి తెచ్చుకోవడం మా ఇంటి ఆచారం. గుడి సేవకుడు కృష్ణమోహన్ పళ్లెం పట్టాడు. పాత ఇత్తడిది పోయి వెదురు పళ్లెం వచ్చింది, కింద పట్టుగుడ్డ. చూడముచ్చటగా ఉందనుకున్నాము. పర్సు సిందూరం బొట్టుతో తిరిగి వచ్చింది. హైందవి కళ్లకద్దుకుని హైటెక్ సిటీ మెట్రో ఎక్కింది.

1. ఆనాటి నుంచి ప్రతి శనివారం ఆ కార్డులోంచి ఏదో ఫ్యాన్సీ షాపు పేరిట సొమ్ము పోతూ వచ్చింది. సందేశాలు తమ్ముడి పాత నంబరుకు వెళ్లడం వల్ల బ్యాంకు పట్టీ వచ్చేదాకా తెలియలేదు. ఇవి పిన్ అక్కర్లేని చిన్న మొత్తాలనీ, కార్డు మిషినుకు బాగా దగ్గరైతేనే పోతాయనీ, కార్డు ఎవరి చేతిలో ఉందో వారినే అడగమనీ బ్యాంకువారు సెలవిచ్చారు. శనివారాలు కార్డు హైందవి చేతిలో ఉండేది.

2. "పుట్టింటికి దోచిపెడుతున్నావు" అన్నాడు తమ్ముడు, నా ఎదుటే, హైందవి తల్లి కూడా ఉండగా. ఆమె బట్టలు సర్దుకుని పంజాగుట్టలో ఒక లేడీస్ హాస్టల్లో చేరింది.

3. నిజం కనిపెట్టింది కూడా ఆమే. ఫోన్ చేసి, "వదినా, ఇత్తడి పళ్లెం ఎందుకు తీసేశాడో ఆలోచించారా? లోహం అడ్డముంటే మిషిను కార్డును చదవలేదు. వెదురైతే చదువుతుంది. ఈసారి మీ కార్డుకు వంటింటి అల్యూమినియం రేకు చుట్టి పెట్టండి" అంది. అలాగే పెట్టాను. కృష్ణమోహన్ పళ్లెం అటూ ఇటూ సర్దాడు. చివరికి, "అమ్మా, జర గా రేకు తీసెయ్యుండ్రి. స్వామి పాదాలకు తగలాలె గదా" అన్నాడు. తీశాను. సొమ్ము పోయిన సందేశంతో నా ఫోను మోగింది. పళ్లెం అంచు పట్టుకుని గుడ్డ ఎత్తాను. దుకాణాల్లో కార్డు గీకే మిషిను. వరుసలో ఉన్నవాళ్లందరూ చూశారు.

4. గుడి కమిటీ పెద్ద జోగారావు గారు మా ఇంటికి వచ్చి, సొమ్ము తిరిగి ఇప్పించామనీ, ఇక మేమిచ్చిన పోలీసు ఫిర్యాదు వెనక్కి తీసుకోమనీ అన్నారు. "స్వామి క్షమిస్తాడమ్మా" అన్నారు. ఆయన దేవుడండీ, నేను హైందవి వదినను అన్నాను. కాఫీ తాగి వెళ్లారు.

కృష్ణమోహన్ ఆరోగ్యం కోసం నేను రోజూ ప్రార్థిస్తున్నాను. జబ్బు పేరు చెప్పి శిక్ష మధ్యలో బయటికి రాకూడదు. అతనిని ఇంటి దగ్గర కాక, శనివారం రద్దీ వేళ గుడి మెట్ల మీదనే అరెస్టు చేయవలసినదిగా కోరుతున్నాను. ఆ వేళకు అతని తల్లి కూడా వస్తుంది. ఆమె చూడాలి. మా తమ్ముడన్న మాట హైందవి తల్లి విన్నది గదా.

అడగనివారి కార్డులకు పిన్ లేకుండా సొమ్ము పోయే ఈ సదుపాయం ఆపి ఉంచాలనీ, రేకు పొదిగిన కవరు ఇవ్వాలనీ బ్యాంకులకు తమరు రాయాలి.

ఈ మనవిని దయతో కాక చట్టంతో చిత్తగించాలని కోరుతూ,

తమ విధేయురాలు,
వసుమతి

తా.క. ఈ సాయంత్రం ఇంట్లో కూర్చున్నాము. హైందవి వచ్చి, భుజాన సంచి దించకుండా గుమ్మం పక్క కుర్చీలో కూర్చుంది. తమ్ముడు రాజీ పడదామన్నాడు. కోర్టుకెక్కితే తానన్న మాట బయటపడుతుందని అతని భయం. "బయటపడాలనే వచ్చాను" అంది హైందవి. నేను అతనివైపు చూస్తూ కూర్చున్నాను. నిర్ణయమైనది ఇది: రాజీ లేదు. మొదటి సాక్షి రవికాంత్. భార్యను ఏమన్నాడో ఒక్క ముక్క మార్చకుండా జడ్జీగారి ముందు తన నోటితో చెప్పాలి. అంతవరకు ఆమె హాస్టల్లోనే ఉంటుంది. ఆ తర్వాత వస్తానని కూడా చెప్పలేదు. తమ్ముడి సంతకం కింద ఉన్నది. కలం నేనే అందించాను.