బట్టల టబ్బుల ముంచిన ఇంటర్‌కూలర్లు

సంపత్, లేవంగనే కారు ముట్టకు. మొదలు ఇది చదువు.

నీలం డబ్బాల వచ్చిన అగ్గువ ఇంటర్‌కూలర్ బిగించకు, వాపసు పంపు. పైసలు ఎక్కువైనా నీ దోస్తు తెచ్చిన పిరం కంపెనీదే బిగించు.

పొద్దుగాల రెండింటి మూతులకు పాత ట్యూబు రబ్బరు కట్టి, జర గాలి కొట్టి, మీ అమ్మ బట్టల టబ్బుల ముంచిన. అగ్గువ దానికి అతుకు కాడ బుడగలు వచ్చినయి. టర్బో నుంచి ఇంజన్‌కు పోయే గాలిని అది చల్లబరుస్తదంటివి. గాలి నడుమనే బయటికి పోతే ఇంక చల్లబరిచేదేంది? పిరం దాన్ని నేను చాయ తాగేదాక నీళ్లల్నే ఉంచిన, ఒక్క బుడగ రాలే. తుడిచి అరుగు మీద పెట్టిన. లోపలి తడి మొత్తం ఆరినంకనే బిగించు.

పదిహేను రోజులు ఫోన్ల వీడియోలు చూసినవ్. ముప్పై ఏండ్ల సంది పంచర్లు పట్టేటోడు ఇంట్లనే ఉన్నడు, ఒక్క మాట అడగకపోతివి.

నేను తరిగొప్పులకు మీ మేనత్త ఇంటికి పోతున్న. ఇంటి ముందట గంత ఉరికే కారు బానెట్ తెరుచుకొని ఉంటే, దాని పక్క నుంచి నడిచిపోయి బస్సు ఎక్కుతున్న.

ఉప్మా మీద మూత పెట్టిన, తిను.

బాపు

టబ్బుకు గ్రీజు అంటింది. మీ అమ్మ అడిగితే నీ పేరు చెప్పిన.

సాయంత్రం ఐదింటికి తరిగొప్పుల బస్టాండ్ కాడ నిలబడుత. బస్సు వచ్చినా ఎక్క. నీ కారు కోసమే చూస్త.