రెండు ఫారాల మీదా సంతకం

అమ్మకు,

రుచిత నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా, జలుబు తగ్గింది. మీ టూవూంబా ఊరి చలిలో నువ్వూ బాగున్నావనీ, హాస్పిటల్లో వరస డ్యూటీలు ఒప్పుకోవడం లేదనీ అనుకుంటున్నాను. పొడుల పార్సిల్లో పెట్టిన నీ ఉత్తరం అందింది. మూడు ప్రశ్నలు అడిగావు. వేళకి తింటున్నాను. జుట్టు రాలడం ఆగింది. జనవరిలో ఇక్కడ ఇల్లు ఖాళీ చేసి నీ దగ్గరికి ఏ రోజు వస్తున్నానన్నది మూడోది. అది చివర్లో రాస్తాను.

ముందు మా పేట గొడవ విను. మా క్వారీ గేట్ ఏ మునిసిపల్ కౌన్సిల్ కిందకీ రాదని నీకు తెలుసుగా. పాత రాతి క్వారీ మీద ఇళ్లు కట్టారు, హద్దులు మాత్రం ఎవరూ మార్చలేదు. కిందటేడు వీధిదీపాలు ఆరిపోతే బెల్‌హామ్ కౌన్సిల్ వాళ్లు నార్త్‌మీర్‌ని అడగమన్నారు, నార్త్‌మీర్ వాళ్లు బెల్‌హామ్‌ని చూపించారు. ఫుట్‌పాత్ లేక మా వీధి శేషుకుమారి ఆంటీ మనవణ్ణి తోపుడు బండిలో పెట్టుకుని కార్ల పక్కనే నడుస్తుంది. ఇప్పుడు రైల్వేస్టేషన్ వస్తోందనేసరికి ఇద్దరికీ మేం ముద్దొచ్చాం. బెల్‌హామ్ ఫుట్‌పాత్, బస్సు ఇస్తానంటోంది. నార్త్‌మీర్ పెద్ద షాపింగ్ సెంటర్ అంటోంది. ఎందులో కలపాలో ఇంటింటి సంతకాలు చూసి ప్రభుత్వం తేలుస్తుందట.

బెల్‌హామ్ ఫారం పట్టుకుని నేను తిరిగాను. నార్త్‌మీర్ ఫారం కనకరాజు అంకుల్ తిప్పారు. మన తెలుగిళ్లలో ఏమైందో నువ్వు ఊహించగలవు. తలుపు తీయడం, కూర్చోబెట్టడం, కాఫీ, సంతకం. నాకూ, ఆయనకూ కూడా.

"మొన్న కనకరాజు గారికి పెట్టేశానే రుచితా, నీకూ పెట్టొచ్చా?" అని ఆంటీ అడగనే అడిగింది.

"పెట్టండి ఆంటీ, సంతకమేగా, పోయేదేముంది" అన్నాను.

పోయింది. రెండింటి మీదా సంతకాలున్న ఇళ్లను లెక్కలోంచి తీసేస్తామని ప్రభుత్వ ఆఫీసు నుంచి లెటర్ వచ్చింది. మనవాళ్ల ఇళ్లు దాదాపు అన్నీ పోయాయి, ఆంటీ ఇంటితో సహా. శుక్రవారం లోగా స్వయంగా వెళ్లి ఒకటి వెనక్కి తీసుకుంటే రెండోది చెల్లుతుందట.

ఆ జాబితాలో నా ఇల్లూ ఉందమ్మా. కొత్తలో నాలుగు నెలలు నన్ను రోజూ యూనివర్సిటీ దగ్గర దింపిన మనిషి ఫారం చాపితే కాదనలేకపోయాను.

నిన్న ఆయన ఇంటికెళ్లాను. "అంకుల్, మీ ఫారంలోంచి నా పేరు తీసేయించుకుంటున్నా" అనడానికి కాఫీ చల్లారేదాకా పట్టింది.

ఆయనేమో, "నీ దాని మీద నేనూ పెట్టాగదమ్మా! వానలో తడుస్తూ వచ్చావ్, కాదని ఎలా చెప్పేది?" అన్నారు.

"డాడ్, యూ టూ ఆర్ హోప్‌లెస్!" అని లోపలి నుంచి ఆయన కూతురు నీరజ అరిచింది.

ఈరోజు ఆయన కారులోనే వెళ్లాం, ఆంటీని కూడా ఎక్కించుకుని. నా ఫారంలోంచి ఆయన, ఆయన ఫారంలోంచి నేను పేర్లు కొట్టేయించుకున్నాం. ఆంటీ పెన్ను పట్టుకుని "కనకరాజు గారూ, ఏమనుకోకండి" అని మూడుసార్లు అంది. "అనుకోనండీ, ముందు కొట్టేయండి" అన్నారాయన. తిరిగొచ్చేటప్పుడు ఎవరి మొహమూ మాడలేదు. మిగిలినవాళ్లను రేపు తీసుకెళ్తున్నాం. ఎవరు గెలుస్తారో తెలియదు.

ఇక నీ మూడో ప్రశ్న. జూన్‌లో నువ్వు "వచ్చెయ్, ఇక్కడి యూనిలోనే ఉద్యోగం చూసుకో" అంటే సరే అన్నాను. అంతకు వారం ముందు, నేను పనిచేసే ఆఫీసులో ఇంకో రెండేళ్లు ఉండమంటే వాళ్లకీ సరే అన్నాను. నీకు చెప్పలేదు. ఫోన్ చేస్తే నీ గొంతు విని మళ్లీ సరే అనేస్తాను, అందుకే ఈ కాగితం.

నేను రావడం లేదమ్మా. నాకు ఇక్కడే ఉండాలని ఉంది.

నా కోసం కొన్న మంచం షాపుకి తిప్పి పంపకు, సెలవులకు వస్తాను. కోపమొస్తే కోపంగానే రాయి. ఏమీ అనుకోలేదని మాత్రం రాయకు.

ఇట్లు,
నీకు మొదటిసారి కాదని చెప్పిన నీ కూతురు,
రుచిత