సగటు తీయని నా సంగతులు

జగ్గయ్యపేటలో ఉన్న అన్నయ్యకు చెల్లెలు ఉష నమస్కారాలు. నాన్నగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? అమ్మ బీపీ మాత్ర మరిచిపోకుండా వేసుకుంటోందా? వదినా పిల్లలూ కులాసాయే కదా. నేను బాగానే ఉన్నా, కంగారు పడకు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నువ్వేమో మన మిర్చి షాపులో స్పీకర్ పెట్టి, "ఇదిగోండి, మా చెల్లాయి, జర్మనీ నుంచి!" అని బేరానికొచ్చిన వాళ్లందరికీ వినిపిస్తావు. అంతమంది వింటుంటే బాగున్నా అనక ఏమనను?

ఇక్కడ ఇప్పుడు మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడుతోంది. వదిన పెట్టిన గోంగూర అయిపోయింది. ఎవరైనా వస్తుంటే పెనుగంచిప్రోలు మిరపకాయలు కారం పట్టించి పంపు.

నా పనేమిటని నాన్నగారు అడిగారు కదా, చెప్పు. సీసపు కేంద్రకాలను మహా వేగంగా ఢీకొట్టిస్తారు. ఢీకొనే క్షణాన వాటి లోపలి రేణువులు ప్రతిసారీ ఒక్కో తీరుగా చెదిరి ఉంటాయి. ఆ చెదురు ఎలా ఉంటుందో కంప్యూటర్లో లెక్క కట్టడమే నా పని. నేను తొందరపడి ఒక్కో తాకిడినీ విడిగా చూడకముందే వేల తాకిడులు కలిపి సగటు తీసేశాను. ఎగుడుదిగుళ్లన్నీ చెరిగిపోయి నున్నటి బొమ్మ వచ్చింది. మనం మిర్చి కొనేటప్పుడు ఏ బస్తాకా బస్తా చూస్తాం గానీ అన్నీ కలిపి కుప్ప పోసి చూడం కదా. ఆ షాపులో పెరిగి కూడా ఇలా చేశాను. మా రీసెర్చి గైడు తిట్టలేదు. "మనకు కావలసిన ఎగుడుదిగుళ్లనే చెరిపేశావు, మళ్లీ మొదలుపెట్టు" అని నా రీసెర్చి ఇంకో రెండేళ్లు పొడిగిస్తూ కాగితం చేతిలో పెట్టారు.

నువ్వది ప్రమోషననుకుని లడ్డూలు పంచేశావు. నందిగామ అత్తయ్య ఫోన్ చేసి, "మా పిల్ల మధ్యలో వదిలేసొచ్చే రకం కాదే తల్లీ" అంది. మెచ్చుకుందన్న మాటే గానీ, నేను లోపలుండగా బయట గడియ పెట్టినట్టయింది నాకు.

నీకు ఫోనులో చెప్పేదీ సగటే అన్నయ్యా. లెక్క కుదిరిన రోజు గాల్లో తేలుతా. మర్నాడు మంచం దిగబుద్ధి కాదు, ఊపిరాడదు, ఎందుకొచ్చానురా దేవుడా అని ఏడుస్తా. ఆదివారం నీతో ఫోన్లో మాట్లాడేసరికి అన్నీ కలిసి 'బాగున్నా' అయిపోతుంది.

అమ్మానాన్నలకు నా దణ్ణాలు చెప్పు, ఈ ఏడుపు సంగతి మాత్రం చెప్పకు. అత్తయ్యను అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు.

ఆ కాగితం మీద నేనింకా సంతకం పెట్టలేదు. నువ్వొక్కడివే ఉన్నప్పుడు ఫోన్ చేసి, "ఉండలేకపోతే వచ్చెయ్యమ్మా" అని ఒక్క మాట అను. అన్నాక బహుశా ఇక్కడే ఉండి పూర్తి చేస్తానేమో. వెనక్కి రావచ్చని తెలియకుండా మాత్రం సంతకం పెట్టలేను.

నీ మాట కోసం చూస్తూ,
నీ చెల్లెలు
ఉష