సున్నా అడుగుల ఊరు

అనంతపురం బస్టాండు,
14 మే 2003, బుధవారం.

అక్క రామాంజినమ్మకు తమ్ముడు ఓబులేష్ నమస్కారం చేసి రాసేది. నా ఒంట్లో బాగానే ఉంది. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తానని రాయడం పద్ధతి గానీ, నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు చెబుతాను. బెంగళూరులో తిండి సరిగ్గానే తింటున్నాను. వారానికి రెండుసార్లు రాగిసంగటి పెట్టే మెస్సు ఒకటి దొరికింది. గదిలో నీళ్లకు కొదవలేదు, ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. బావ గొర్రెల్ని తోలుకొని కాలువ వైపు పోయాడన్నావు. మందలో ఎన్ని మిగిలాయో ఈసారి రాయి.

ఇక మూడోది. "ట్యాంకరు వచ్చి పదకొండు దినాలాయ. నువ్వు కంప్యూటర్ల పనిలో ఉండావు కదా, యాడన్నా అడిగి చూడప్పా" అని రాశావు. నీళ్లు లేక అంగన్‌వాడీలో వంట ఆగిందనీ, పిల్లల్ని పస్తుతోనే ఇళ్లకు పంపావనీ రాశావు. పక్కింటి తిరుపాలమ్మత్త నల్లప్ప తోటబావిలోకి దిగుతూ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుందని రాశావు. ఆఫీసులో చదివాను. ఏ ఊరికి ట్యాంకరు పోవాలో తేల్చే ప్రోగ్రాం తయారుచేసింది మా జట్టే అక్కా.

మా పని ఎట్లా సాగుతుందో నీకెప్పుడూ చెప్పలేదు. మొత్తం పనిని రెండేసి వారాల విడతలుగా కోసుకుంటాం. ఒక్కో పనినీ ఒక్కో చీటీ మీద రాసి గోడకు అంటిస్తాం. రోజూ పొద్దున ఆ గోడ ముందు నిలబడి, నిన్న ఏం చేశాం, ఈరోజు ఏం చేస్తాం, అడ్డమేమైనా ఉందా అని ఒక్కొక్కరం చెప్పాలి. మిగతావాళ్లు ప్రోగ్రాం రాస్తారు. అది ఎక్కడ తప్పుతుందో వెతకడం నా పని. నేను సరేనంటేనే చీటీ 'అయిపోయినవి' వైపుకు మారుతుంది.

ఫిబ్రవరిలో ఒక తప్పు పట్టాను. ఊరి బావిలో ఎన్ని అడుగుల నీళ్లున్నాయో రాస్తే, తక్కువున్న ఊరికి ముందు ట్యాంకరు. కానీ సున్నా అని రాస్తే, అక్కడ ఏమీ రాయలేదనుకుని ప్రోగ్రాం ఆ ఊరినే జాబితాలోంచి తీసేస్తోంది. మా జట్టును నడిపే దివాకర్‌కు చూపించాను. ఆయనా మన జిల్లావాడే. గుత్తి దగ్గర పెద్ద సేద్యం వాళ్లది.

"శుక్రవారం ఆఫీసరు చూసేకి వస్తాండాడు. ఇప్పుడు దీన్ని కెలికితే అంతా ఆగిపోతాది. వచ్చే విడతలో చూస్తాంలే" అన్నాడు.

"మర్చిపోతామేమో అన్నా."

"బావిలో సున్నా నీళ్లుండే ఊర్లు ఎన్నుంటాయప్పా? అడుగో రెండడుగులో ఉంటాది కదా. ఉంటే ఒక పేరు చెప్పు."

మన ఊరి పేరు చెబితే సరిపోయేది. నేను చెప్పలేదు.

ఇన్నాళ్లూ నీ దగ్గర దాచిన మాట ఇదే. ఉద్యోగంలో చేరిన రోజు మీది ఏ ఊరని అడిగితే బుక్కరాయసముద్రం అన్నాను. టౌను పక్కన, పెద్ద చెరువున్న ఊరు. బెళుగుప్ప దగ్గర ఎండిపోయిన పల్లె అనీ, గొర్రెలు కాసుకునే ఇల్లనీ చెప్పడానికి నోరు రాలేదు. ఆ పల్లెలో ఉండే నువ్వే నన్ను చదివించావు. అయినా దివాకర్ ఊరి పేరు చెప్పమన్నప్పుడు అబద్ధం బయటపడుతుందని ఊరుకున్నాను. మరుసటి పొద్దున గోడ ముందు నిలబడి నాకేమీ అడ్డం లేదన్నాను. ఆ చీటీని నా చేత్తోనే 'అయిపోయినవి' వైపుకు మార్చాను. వచ్చే విడత రానేలేదు. ప్రోగ్రాం అప్పగించేసి మమ్మల్ని వేరే పనికి మార్చారు. ఏప్రిల్ చివర్లో ఇక్కడ అనంతపురం ఆఫీసులో దాన్ని వాడటం మొదలుపెట్టారు. మీకు ట్యాంకరు ఆగింది అప్పుడే.

నీ ఉత్తరం రాగానే దివాకర్‌కు అంతా చెప్పేశాను, ఊరి సంగతితో సహా. "ఆ పొద్దే చెప్పింటే అయిపోయేది కదప్పా. ఇప్పుడు వాళ్లు కాగితం రాసి అడిగితే తప్ప మనం ముట్టుకునేకి లేదు" అన్నాడు.

సెలవు పెట్టి నిన్న ఇక్కడికి వచ్చాను. ట్యాంకర్ల ఆఫీసులో లింగప్ప అనే గుమాస్తా నేను చెప్పింది ఓపిగ్గానే విన్నాడు.

"కంప్యూటర్లో వచ్చిన ఊర్లకే బండ్లు తోలమని మాకు ఆర్డరుండాది. లేని ఊరికి తోలిస్తే నా ఉద్యోగం పోతాది. నీ మాట నిజమే అనుకో, నేనేం జేసేది చెప్పు."

పెద్ద ఆఫీసరుకు అర్జీ ఇస్తే తీసుకుని ఫైల్లో పెట్టారు.

ఈ పొద్దున బెళుగుప్ప బస్సు దాకా పోయాను. ఊరికొస్తే తిరుపాలమ్మత్త మంచం ముందు నిలబడి ఏం చెప్పాలో తెలియలేదు. బస్సు కదిలిపోయేదాకా చూసి వచ్చి ఈ బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

నువ్వు ఒక పని చేయి. మన పంచాయతీ సెక్రటరీ దాసప్ప సోమవారం బావుల లెక్క పంపేటప్పుడు సున్నా అని కాకుండా ఒక అడుగు నీళ్లున్నాయని రాయమను. అబద్ధమే. అట్లా రాస్తేనే ట్యాంకరు వస్తుంది. నిజం రాస్తే రాదు.

మనలాగే జాబితాలోంచి పడిపోయిన ఊర్ల పేర్లు లింగప్ప దయతలిచి రాసుకోనిచ్చాడు. పద్నాలుగు ఉన్నాయి. వాటిలో నాకు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. పేర్లన్నీ ఈ కాగితం వెనక రాశాను. మీ అంగన్‌వాడీ మీటింగుకు ఆ ఊర్ల టీచర్లెవరైనా వస్తే ఈ ఒక అడుగు సంగతి చెప్పు. ఎవరూ రాని ఊర్లకు ఏం చేయాలో నాకు తోచడం లేదక్కా.

ఇట్లు,
నీ తమ్ముడు
ఓబులేష్